రంగూన్‌కి ఏడు గంటలు

మా అన్న రంగూన్ నుంచి తిరిగి వచ్చిన రోజు అమ్మా నేనూ అరుగు మీద కూచుని చింతపండులో గింజలు తీస్తున్నాం. ఎండాకాలం. చేలో పని లేదు. ఎవరో మనిషి వీధిలో నడుచుకుంటూ వచ్చి, మమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా అరుగు రెండో కొసన కూలబడ్డాడు. గడ్డం మెడదాకా పెరిగి ఉంది. కాళ్లకు గోనెపట్టా చుట్టుకుని ఉన్నాడు. రైలు దిగి పల్లెల మీదుగా నడిచిపోయేవాళ్లు కాసేపు కూచుని పోవడం మామూలే కనుక అమ్మ తలెత్తకుండానే అడిగింది.

"ఏ ఊరు నాయనా? నీళ్లు గావాల్నా?"

"నేనేనమ్మా" అన్నాడు.

గొంతు విన్నాక గానీ మాకు తెలియలేదు. అమ్మ లేచి నిలబడింది. అతని మొహం చూసింది. ఆ వెంటనే అతని వెనక వీధిలోకి చూసింది. ఇంకా ఎవరో రావాల్సి ఉన్నట్టు అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఆ పిల్లేది?"

"రాలేదు."

"రాలేదంటే ఏందిరా? యాడుండాది?"

"ఆడనే ఉండాది" అని మా అన్న గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

మాది దొనకొండ స్టేషనుకు దగ్గర్లోని చిన్న పల్లె. కొర్ర, సజ్జ పండే మెట్ట చేను కొంత, పది పన్నెండు మేకలు. నాయన పోయాక వరసగా వానలు పడకపోతే అన్న మద్రాసు పోయి, అక్కడ ఓడెక్కి రంగూన్ చేరాడు. బియ్యం మిల్లులో మూటలు మోసే పని. కొన్నేళ్లకు వచ్చి అర్ధవీడు పిల్లను పెళ్లి చేసుకుని, ఆమెను కూడా వెంట తీసుకుపోయాడు. మా వదిన మా ఇంట్లో ఉన్నది ఒక్క నెల. ఆ నెలలోనే ఆమె నాకు బాగా దగ్గరయింది. అప్పటికి నా భర్త జ్వరంతో పోయి నేను పుట్టింటికి వచ్చేసి ఉన్నాను. నన్ను చూసి జాలిపడని మనిషి ఆ ఊళ్లో ఆమె ఒక్కతే. పొద్దున్నే నన్ను లేపి, "దా, పా, నీళ్లకు పోదాం" అని కడవ చేతికిచ్చేది, అంతే.

అన్న రెండు రోజులు నిద్రపోయాడు. లేపి సంగటి పెడితే తిని మళ్లీ పడుకునేవాడు. మూడో రోజు నుంచి కొంచెం కొంచెంగా చెప్పాడు. జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయట. మిల్లు మూతపడింది. మనవాళ్లంతా రేవుకు పరుగులు తీశారు. ఓడలో చోటు దొరికినవాళ్లు ఓడలో, దొరకనివాళ్లు నడిచి. వదినకు నెలలు నిండాయి. అడుగు తీసి అడుగు వేయలేని స్థితి. వాళ్లుండే ఇళ్ల వరసలోనే ఒక బర్మా ముసలామె ఉండేది. ఆమె మంత్రసాని. వదినను ఆమె దగ్గర వదిలిపెట్టి అన్న బయలుదేరాడు.

"మన మగోళ్లు కనబడితే బర్మావోళ్లు బతకనియ్యరని చెప్పుకుంటా ఉండారు. నన్ను పొమ్మనింది. నువ్వన్నా బతుకు, పో అనింది" అన్నాడు.

ప్రోము అనే ఊరి దాకా కొంత బండి మీద, కొంత కాలినడకన. అక్కడి నుంచి ఆరకాను కొండలు. నీళ్లు లేని దారి. ముందు పోయినవాళ్లు కలరాతో పడిపోయి ఉంటే వాళ్లను దాటుకుంటూ నడవడం. తర్వాత సముద్రం, పడవ, చిట్టగాంగు, రైళ్లు. ఇదంతా అతను వరసగా చెప్పలేదు. నీళ్లు తాగుతూ ఒక ముక్క, మేకలకు రొట్ట వేస్తూ ఒక ముక్క. చెప్పిన ప్రతిసారీ ఆ దారి ఇంకా పొడుగైనట్టు ఉండేది. "శానా దూరమమ్మా" అని ఆపేసేవాడు. మా ఊళ్లో రంగూన్ అంటే ఇక ఆ మాటే మిగిలింది. శానా దూరం. అంత దూరంలో ఉన్న మనిషిని ఏమనుకోవాలో మాకెవరికీ తెలియలేదు.

ఆ కాళ్ల పుళ్లు మానడానికి వానాకాలం దాకా పట్టింది. కాళ్లు మానినా అన్న మనిషి మానలేదు. వీధి చివరి దాకా పోయి రావాలన్నా మధ్యలో ఒకసారి కూచునేవాడు. మేకలను తోలుకుపోయి అవి మేస్తుంటే ఏ రాతి నీడనో కూచునేవాడు. ఎవరేమి చెప్పినా "సరే" అనేవాడు. అమ్మకు అదే దిగులు. యేడాది గడిచింది. వదిన సంగతి ఒక్క ముక్క తెలియలేదు. ఉత్తరాలు నడవని రోజులు. వదిన పుట్టింటివాళ్లు కూడా ఒకసారి వచ్చి ఏడ్చి పోయారు. అప్పుడు అమ్మ నెమ్మదిగా రెండో పెళ్లి మాట ఎత్తింది. రాచర్ల దగ్గర ఒక సంబంధం ఉందని చెప్పింది.

"సరే" అన్నాడు అన్న. ఆ మాట అతను వినే అన్నాడో లేదో నాకు తెలియదు.

ఆ కాలంలోనే దొనకొండ దగ్గర విమానాల మైదానం వేయడం మొదలుపెట్టారు. దొరలు జీపుల్లో వచ్చి కర్రలు పాతి పోయారు. తర్వాత కంట్రాక్టర్లు, మేస్త్రీలు, లారీలు వచ్చాయి. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లమంతా కూలికి పోయాం. రాళ్లు ఏరడం, కంకర తట్టలు మోయడం, నీళ్లు చల్లడం. పొద్దు పొడవక ముందే బయలుదేరి, పొద్దు గూకినాక ఇల్లు చేరేవాళ్లం. ఆ పని గురించి నాకు గుర్తున్నదంతా మెడ నొప్పే. తట్ట దించాక కూడా తల మీద తట్ట ఉన్నట్టే ఉండేది. తల తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. మేము పోసిన కంకర మీద రోలరు తిరిగేది. దాని మీద మళ్లీ పోసేవాళ్లం. నేల గట్టిపడి, చదునై, ఆ కొస నుంచి ఈ కొసకు చూస్తే ఎండలో నీళ్లలాగా మెరిసేది.

తర్వాత విమానాలు రావడం మొదలైంది. రోజూ కాదు. ఒక్కోసారి వారం దాకా ఒక్కటీ రాదు. ఒక్కోసారి ఒకే పూట రెండు మూడు దిగేవి. పెట్రోలు పోసుకుని లేచిపోయేవి. కూలీలను చాలావరకు మాన్పించి కొందరు ఆడవాళ్లను మాత్రం ఉంచుకున్నారు. అందులో నేనొకతెను. విమానాలు దిగే దారి మీద రాళ్లు లేకుండా ఊడ్వడం, షెడ్డుకు నీళ్లు మోయడం మా పని. షెడ్డులో సామాను చూసే ఆయన మద్రాసు నుంచి వచ్చిన అరవాయన. నడివయసు మనిషి. అరవ యాసతో తెలుగు మాట్లాడేవాడు. ఎప్పుడూ కళ్లు ఎర్రగా ఉండేవి. ఇంటికి పోవడానికి సెలవు దొరకలేదని మాతో కూడా చెప్పుకునేవాడు.

ఒకరోజు ఆయన గోడకు తగిలించిన పెద్ద పటం ముందు నిలబడి ఉన్నాడు. నేను నీళ్ల కుండ దించి అది ఏమిటని అడిగాను. దేశాల పటమని చెప్పాడు. నాకు అప్పటికి అక్షరాలు కూడా రావు. చాలా ఏళ్ల తర్వాత మా మేనకోడలు బడికి పోతుంటే దాని పలక మీదే నేనూ నేర్చుకున్నాను.

"రంగూన్ ఇందులో ఉండాదా అయ్యా?"

"ఉందమ్మా." వేలు పెట్టి చూపించాడు. "ఇది మద్రాసు. మనం ఇక్కడ, కొంచెం పైన. ఇదంతా సముద్రం. ఇది రంగూన్. నేరుగా తూర్పు."

ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టేంత మేర. నేను ఆ నీలం రంగు వైపు చూస్తూ అడిగాను.

"విమానమైతే ఎన్ని రోజులు పడతాది?"

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే నేను అక్కడితో ఆపేసేదాన్ని. "రోజులు ఎందుకమ్మా? పదకొండు వందల మైళ్లు. ఇప్పుడు దిగింది చూడు, ఆ సామాన్ల విమానం, అది ఏడు గంటల్లో పోతుంది. మద్రాసు నుంచైనా అంతే, ఇక్కడి నుంచైనా అంతే."

ఏడు గంటలంటే నాకు లెక్క తెలియదు. "పొద్దున్నుంచి ఎందాక?" అని అడిగాను.

"నువ్వు పొద్దున్నే పనిలోకి వస్తావు కదా. ఆ టైముకు బయలుదేరితే, నువ్వు చీపురు పక్కన పెట్టి ఇంటికి పోయేలోపలే అక్కడ ఉంటుంది."

ఆ రోజు ఇంటికి వచ్చేటప్పటికి రాచర్ల పిల్ల మేనమామ వచ్చి అరుగు మీద కూచుని ఉన్నాడు. మాటలు ఖాయం చేసుకుపోవడానికి వచ్చాడని నాకు తెలియదు. అమ్మ ఆయనకు మజ్జిగ ఇస్తోంది. అన్న ఒక పక్క నిలబడి ఉన్నాడు. నేను కాళ్లు కడుక్కుంటూ, ఎవరితో అనుకోకుండానే, నా మనసులో ఉన్న మాట పైకి అనేశాను.

"అన్నా, రంగూన్ ఇక్కడికి ఏడు గంటలేనంట."

"ఏందీ?"

"విమానంలో. షెడ్డులో అయ్య చెప్పినాడు. పొద్దున పోతే పొద్దు గూకకముందే ఆడుంటాదంట."

"ఏడు గంటలా?" అన్నాడు. నేను అవునన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ అవునన్నాను. వచ్చినాయన మజ్జిగ చెంబు చేతిలో పట్టుకుని మా ఇద్దరినీ చూస్తున్నాడు. అన్న మొహంలో అంత కదలిక చూసి చాలా కాలమైంది. దారి పొడవునా తను దాటుకుంటూ వచ్చినవాళ్లంతా ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చినట్టు, ఎవరో తనను మోసం చేసినట్టు, అతని దవడలు బిగుసుకున్నాయి.

"నాకు పెండ్లి వద్దమ్మా" అన్నాడు.

అమ్మకు ముందు అర్థం కాలేదు. "అదేందిరా, మొన్న సరేనంటివి కదా?"

"మొన్న అది శానా దూరంలో ఉండాదనుకుంటి. ఏడు గంటల్లో పోయే చోట పెండ్లాముంటే ఇంకోదాన్ని ఎట్ల తెచ్చుకునేది?"

"ఆ విమానం నిన్నెక్కించుకుంటాదా?"

"ఎక్కించుకోదు. అయినా వద్దు."

రాచర్లాయన మంచివాడు. ఇంకో మాట అనకుండా లేచి పోయాడు. ఆయన వీధి మలుపు తిరిగాక అమ్మ నా మీద పడింది. "నీ నోరు ఊరకుండదా? వాడు ఇంగ ఆ ఆకాశం దిక్కు చూస్తా ముసలోడై పోతాడు. నువ్వు సంతోషపడు" అంది. నాకూ వదిన బతికి ఉంటుందన్న ఆశ ఏమంత లేదు.

మర్నాడు అన్న నాతో షెడ్డుకు వచ్చాడు. అరవాయనకు దండం పెట్టి, తన సంగతి చెప్పి, రంగూన్ పోయే విమానంలో కబురు పంపడానికి వీలవుతుందా అని అడిగాడు. ఆయన బల్ల మీది గాజుగ్లాసును అటూ ఇటూ జరిపాడు.

"అక్కడ జపానువాళ్లు ఉన్నారయ్యా. మనవాళ్ల విమానం పోయినా అక్కడ దిగదు."

"దిగదా? దిగనిదానికి పోయి ఏం చేస్తాది?"

ఆయన తల వంచుకున్నాడు. అన్నకు అర్థమైంది. అతను ఆ బాంబుల పనిని కింద నుంచి చూసి వచ్చినవాడే కదా. ఇంకేమీ అడగలేదు. షెడ్డు బయటికి వచ్చి, నేను ఊడ్చే దారి పక్కన కాసేపు కూచుని, తర్వాత లేచి ఇంటికి పోయాడు. నేను చీపురు తీసుకుని పనిలోకి దిగాను. మా దగ్గర పెట్రోలు పోసుకున్న విమానాలు ఎక్కడికి పోయేవో నాకు ఇప్పటికీ తెలియదు. మాకెవరూ చెప్పలేదు. తెలిసి ఉన్నా మర్నాడు పనికి పోకుండా ఉండేదాన్ని అని చెప్పలేను. ఆ యేడాది మా చేలో సజ్జ పండలేదు.

యుద్ధం ముగిశాక ఓడలు మళ్లీ మొదలయ్యాయని తెలియగానే అన్న మద్రాసు వెళ్లిపోయాడు. ఓడలో నాలుగు రోజుల ప్రయాణం. వెళ్లిన చాలా కాలానికి ఒక కార్డు వచ్చింది. ఊళ్లో చదువు వచ్చిన ఒకాయన చదివి వినిపించాడు. మనిషి దొరికింది, ఆడపిల్ల ఉంది, వస్తున్నాం. అంతే ఉంది అందులో. అమ్మ ఆయన చేత రెండుసార్లు చదివించుకుంది.

వాళ్లు వచ్చే రోజు నేనూ అమ్మా స్టేషనుకు పోయాం. రైలు ఆలస్యం. వచ్చాక అన్న ముందు దిగి, నాలుగేళ్ల పిల్లను దించాడు. తర్వాత వదిన దిగింది. పొడుగు మనిషి ఎట్లా అంత చిన్నగా అయిపోయిందో నాకు అర్థం కాలేదు. జుట్టు పలచబడింది. అమ్మ ఆమె చేతులు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. వదిన ఆమె ఏడుపు అయ్యేదాకా నిలబడి, "కూచుంటానత్తా" అంది. స్టేషను బెంచీ మీద కూచుంది. మేమంతా ఆమె లేచేదాకా పక్కన నిలబడ్డాం. పిల్ల బర్మా మాటల్లో ఏదో అడుగుతుంటే వదిన అదే భాషలో మెల్లగా జవాబు చెబుతోంది. నాయనమ్మ పిలిస్తే పిల్ల తల్లి చీర వెనక దాక్కుంది.

ఆ తర్వాత నెలల తరబడి మా ఇంట్లో అంతా మర్యాదే. వదిన ఏ పని చెప్పినా చేసేది. చెప్పకపోతే కూచునేది. అన్న ఆమెతో పరాయి ఇంటికి వచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. "నీళ్లు తోడి పెట్టనా?" "వద్దులే." "ఎండగా ఉండాది, లోపల కూచో." "సరే." రాచర్ల సంబంధం సంగతి నీళ్ల దగ్గర ఎవరో ఆమెకు చెప్పారు. ఇంటికి వచ్చి ఆమె దాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. అమ్మే ఉండబట్టలేక, "నేనే చేసినాను తల్లీ, వాడిదేం లేదు" అని చెప్పుకుంది. "యేడాది చూసినారు గదత్తా. ఎవురైనా అదే చేస్తారు" అంది వదిన.

విమానాల మైదానం అప్పటికి ఖాళీ అయిపోయింది. షెడ్డు తలుపు పీకేశారు. అరవాయన మద్రాసు వెళ్లిపోయాడు. మేము పోసిన దారి మీద ఊరివాళ్లు ధాన్యం ఆరబోసుకునేవాళ్లు. ఒక మధ్యాహ్నం నేనూ వదినా మేకలు తోలుకుని అటు పోయాం. నడవలేక ఆమె ఆ దారి అంచున కూచుంది. నేనూ కూచున్నాను.

"ఏడు గంటలని చెప్పింది నువ్వేనంట గదా, అమ్మాయ్" అంది.

"అవును వదినా. షెడ్డులో చెప్తే ఇన్నాను."

ఆమె చేత్తో ఆ నేలను తడిమింది. "విమానం మోత ఇనబడితే మేము గుంతలో దూరేవాళ్లం. పసిబిడ్డ ఏడిస్తే ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని. మొదట జపానోళ్లవి. తర్వాత మనోళ్లవి. గుంతలో ఉన్నోళ్లకు రెండూ ఒకటే."

"ఈ కంకర మేమే మోసినాం వదినా. ఈడ దిగినవి యాడికి పోయేవో మాకు తెలవదు" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు, ఏమీ లేదు. అలిసిపోయిన కళ్లు, అంతే. "నువ్వేం జేస్తావు? కూలికి పోయినావు. నేను గూడా ఆడ జపానోళ్లకు మన్ను మోసినాను, బిడ్డను వీపున కట్టుకోని."

మేకలు ధాన్యం వైపు పోతుంటే నేను లేచి మళ్లించి వచ్చాను. తిరిగి కూచున్నాక చాలా కాలంగా అడగాలనుకున్నది అడిగాను.

"అన్నను పొమ్మని నువ్వే చెప్పినావంట కదా?"

"చెప్పినాను" అంది వదిన. "పొమ్మన్నాను. పోతాడనుకోలేదు."

ఆ మాట నేను అన్నకు చెప్పలేదు. అతనికి తెలుసని నాకు అనిపించేది. రంగూన్ నుంచి నడిచి వచ్చి గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్న రోజు నుంచీ అతనికి అది తెలిసే ఉండాలి.

అలాగే ఇంకో వానాకాలం వచ్చింది. చేలో పని లేని రోజుల్లో అన్న మార్కాపురం పలకల పనికి పోయి వారానికొకసారి వచ్చేవాడు. ఒక వారం అతను వచ్చేటప్పుడు వాన పట్టుకుంది. దొడ్లో ఆరేసిన కట్టెలు లోపల వేయాల్సిందిపోయి, వచ్చినవాడు వచ్చినట్టే వసారాలో కూచుని పిల్లతో ఆడుకుంటున్నాడు. కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. పొయ్యి దగ్గర పొగకు కళ్లు నులుముకుంటూ వదిన బయటికి వచ్చింది.

"కండ్లు లేవా నీకు?" అంది. మేమంతా ఉలిక్కిపడ్డాం. "ఆ కట్టెలు లోపలెయ్యాలని తెలవదా? వాన నిన్ను అడిగి పడతాదా? ఆ బిడ్డకు సంగటి ఎట్ల ఉడకేసేది, నీ తల మీదనా? వారమంతా ఆడుంటావు, వచ్చి కూచుంటావు, ఒక పని జెయ్యవు, ఒక మాట మాట్లాడవు..." ఆమె ఆపలేదు. కట్టెల నుంచి మేకల మీదికి, మేకల నుంచి కారుతున్న కప్పు మీదికి, కప్పు నుంచి అతని గడ్డం మీదికి పోయింది. ఆమె గొంతులో అంత బలం ఉందని మేమెవరం అనుకోలేదు. పిల్ల తండ్రి ఒళ్లోంచి దిగి తల్లి మొహం వైపు నోరు తెరిచి చూస్తోంది.

అన్న వానలోకి దిగి కట్టెలన్నీ ఎత్తి లోపల పెట్టాడు. నిలువునా తడిసి గుమ్మంలో నిలబడి, "ఇంగేం చెయ్యాల?" అని అడిగాడు.

"తల తుడుచుకో" అంది వదిన. పొయ్యి దగ్గరికి పోయి మళ్లీ ఊదడం మొదలుపెట్టింది.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంగ పర్లేదులే" అని నాకు మాత్రం వినపడేలా అంది. ఆ పూట సంగటి సగం ఉడికింది. నలుగురం, పిల్లతో అయిదుగురం, అదే తిని పడుకున్నాం.